అప్పలకొండమ్మ గారు ఎక్కగలరా?

నూకయ్య గారికి ఒక్కటే అలవాటు. ఎవరి పనిలో ఏ లోపం కనిపించినా దాన్ని తన నోటితో చెప్పేవారు కాదు, అప్పలకొండమ్మ గారు చెప్పినట్టుగా చెప్పేవారు. ఆ అప్పలకొండమ్మ గారిని మా ఆఫీసులో ఎవరూ చూసిన పాపాన పోలేదు. అయినా ఆవిడ ఒప్పుకోనిదే మా దగ్గర్నుంచి ఒక్క బొమ్మ కూడా బయటికి వెళ్ళేది కాదు.

మాది ఏ.ఎస్. రావు నగర్‌లో చీరల షాపు పైన, రెండో అంతస్తులో ఉండే చిన్న డిజైన్ కంపెనీ. ఊరికి ఆ చివర అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. ఈ చివర మా సికింద్రాబాదులో సందుకో కంప్యూటర్ కోచింగ్ బోర్డు వేలాడేది. మేం సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళం కాదు, ఉన్న సాఫ్ట్‌వేర్‌తో బొమ్మలు చేసేవాళ్ళం. పరాయి దేశాల్లో కట్టబోయే మెట్లు, గొట్టాలు, యంత్రాలు మా కంప్యూటర్లలో ముక్క ముక్కగా తయారుచేసి, ఆ ముక్కల్ని ఒకదానికొకటి బిగించి, ఇంటర్నెట్లో పంపించేవాళ్ళం. చిలకలగూడలో మా అమ్మ మాత్రం "మా రాధిక సాఫ్ట్‌వేరండీ" అని చెప్పుకునేది. నేనూ కాదనలేదు.

మేం చేసినవాటిలో తప్పులు పట్టడం నూకయ్య గారి ఉద్యోగం. ఆయనది అనకాపల్లి వైపు. యాభై దాటిన మనిషి. వైజాగులో ఓడల బొమ్మలు బల్ల మీద కాగితం పరిచి గీసిన చెయ్యి. కంప్యూటర్లొచ్చాక అదీ నేర్చుకుని ఇక్కడికి వచ్చేశారు. బల్ల మీద కాగితమన్నది లేకపోయినా చొక్కా జేబులో పెన్సిల్ మాత్రం ఎప్పుడూ ఉండేది.

నేను చేరిన వారంలో ఒక ఫ్యాక్టరీకి ఇనుప మెట్లు చేశాను. నూకయ్య గారు వచ్చి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"బాగుందమ్మా. చాలా బాగుంది. ఈ రెయిలింగు చూడు, ఎంత అందంగా వంచావో! కాకపోతే... అప్పలకొండమ్మ గారు ఎక్కగలరా అని."

"ఎవరండీ ఆవిడ?"

ఆయన నా చేతిలోంచి మౌస్ తీసుకుని టకటకా ఏదో నొక్కారు. నా మెట్ల మీద ఒక ముసలావిడ ప్రత్యక్షమైంది. పొట్టిగా, గుండ్రంగా, టమాటా రంగు చీరలో, కొంచెం ముందుకు వంగి, చేతిలో కర్రతో ఉంది. వెనక గోళీకాయంత కొప్పు. బొమ్మను బాగా దగ్గరికి లాగి చూస్తే ముక్కుపుడక కూడా ఉంది!

"ఆవిడకి మోకాళ్ళ నొప్పులమ్మా. నువ్వు పెట్టిన మెట్టు ఎత్తు ఆవిడకి సరిపడదు."

"ఫ్యాక్టరీలోకి ఆవిడెందుకు వెళ్తారండీ?"

"పెద్దావిడని అలా అడుగుతామేటమ్మా? పనుంటాది, వెళ్తారు."

మెట్టు ఎత్తు తగ్గించాను. నాకు కోపం రాలేదు. ఎవరి మీదని కోపం తెచ్చుకోను? నూకయ్య గారేమో నన్ను మెచ్చుకున్నారాయె. ముసలావిడకేమో మోకాళ్ళ నొప్పులు!

ఆ తర్వాత బాయిలర్ చేస్తే "వాల్వు తిప్పడానికి ఆవిడ చెయ్యి అందటం లేదమ్మా" అన్నారు. సీసాలు నింపే యంత్రం చేస్తే "ఆవిడ కొంగు ఈ పళ్ళ చక్రంలో పడిపోతాదమ్మా" అన్నారు. చక్రానికి రేకు మూత పెట్టాను. ఒకసారి భూమిలో పాతిపెట్టే గొట్టం పని వచ్చింది. మనిషి దూరే వీలే లేదు కాబట్టి అప్పలకొండమ్మ గారి పీడ వదిలిందనుకున్నాను. నూకయ్య గారు గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. చాలాసేపు ఆలోచించారు.

"లోపల చెత్త ఇరుక్కుంటే ఆవిడ చెయ్యెలా పెడతారు?"

గొట్టానికి ఒక తలుపు పెట్టాం.

మధ్యాహ్నం క్యారియర్లు విప్పిన చోటికి కూడా ఆవిడ వచ్చేది. "నీ పప్పుచారు బ్రహ్మాండం రాధికమ్మా! అప్పలకొండమ్మ గారికైతే ఉప్పు కాస్త తగ్గించాలేమో" అనేవారు. మెచ్చుకోలు తన పేరు మీద, వంకలు ఆవిడ పేరు మీద.

ఆవిడ ఎవరన్న దాని మీద ఆఫీసులో తలకో లెక్క ఉండేది. ఆయనకి చిన్నప్పుడు పాఠం చెప్పిన టీచరమ్మ అని నా నమ్మకం. మా డైరెక్టరు మధుసూదన్ గారు "భార్య అయ్యుంటుంది. మగాడు ఇంతలా భయపడేది భార్యకే" అని తేల్చేశారు. కాదు, భార్య పేరు లోవలక్ష్మి అని తెలిసింది. కొత్తగా చేరిన భానుప్రియ "అయితే గ్యారంటీగా అత్తగారు" అంది. ఆయన్నే అడిగితే "ఉన్నారమ్మా ఒకావిడ" అని నవ్వేసేవారు.

ఇలా ఉండగా జర్మనీ నుంచి ఒక టవర్ పని వచ్చింది. వెర్నర్ అనే ఇంజనీరు పంపాడు. అడవి మధ్యలో కట్టి, జనం పైకెక్కి చుట్టూ చూడడానికి పెట్టే టవర్. నడుమ ఒక లావుపాటి స్తంభం, దాని చుట్టూ జంతిక చుట్టులా తిరుగుతూ పైకిపోయే మెట్లు. దాన్ని భానుప్రియకి ఇచ్చారు. ఆ పిల్ల సీతాఫల్‌మండి నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. ఇంట్లో సంపాదన ఆమె ఒక్కతిదే. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు.

ఇలాంటి మెట్లని ఎవరూ ఒక్కొక్కటిగా పెట్టరు. ఒక్క మెట్టు సరిగ్గా చేసి, అది నడవాల్సిన దారి చూపిస్తే, మిగతావన్నీ కంప్యూటరే దాని అచ్చులో పరుచుకుంటూ పోవాలి. దీన్ని మేం ప్యాటర్న్ అనేవాళ్ళం. చిక్కేమిటంటే, మా దగ్గరున్న సాఫ్ట్‌వేర్‌కి గుండ్రంగా తిరగడం వచ్చు, నిటారుగా ఎక్కడం వచ్చు. తిరుగుతూ ఎక్కడం రాదు. గుండ్రంగా తిప్పమంటే మెట్లన్నీ నేల మీదే విసనకర్రలా విచ్చుకునేవి. ఎక్కమంటే నిచ్చెనలా నిటారుగా లేచేవి. భానుప్రియ రెండు రోజులు కుస్తీ పట్టి, మూడో రోజు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నూకయ్య గారు వెళ్ళి పక్కన కూర్చున్నారు.

"గాబరా పడకమ్మా. అప్పలకొండమ్మ గారు ఏటంటున్నారంటే, ముందు మెట్ల సంగతి ఒగ్గీమంటున్నారు, పక్కన పెట్టీమంటున్నారు. స్తంభం చుట్టూ మెలికలు తిరుగుతూ ఒక గీత గీసి, దాని పొడుగునా బొట్లు పెట్టుకుంటూ పొమ్మంటున్నారు. ఒట్టి స్తంభం మీద బొట్లు పెట్టడం దీనికి వచ్చు కదా? అవి అయ్యాక, ఆ బొట్లని చూపించి 'వీటి వెంట పో' అని మెట్టుకి చెప్పు."

భానుప్రియ బొట్లు పెట్టింది. మెట్టుకి దారి చూపించింది. ఒక్క క్షణం తెర కదలలేదు. తర్వాత కింద నుంచి పైదాకా మెట్లన్నీ స్తంభాన్ని చుట్టుకుంటూ చకచకా పరుచుకున్నాయి. ఆఫీసంతా లేచి చప్పట్లు కొట్టాం. నూకయ్య గారు "శభాష్ తల్లీ! నేనైతే ఇంత తొందరగా చేయలేకపోదును" అన్నారు.

టవర్ జర్మనీకి వెళ్ళిపోయింది. రెండు రోజులకి వెర్నర్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. మధుసూదన్ గారు తన గదిలోంచి బయటికొచ్చి, అందరి మధ్యా నిలబడి, దాన్ని తెలుగు చేసి చదివారు.

"'మీ టవర్ అందింది. మెట్లు చాలా చక్కగా ఉన్నాయి. అయితే వాటి మీద ఎర్రచీరలు కట్టుకున్న ముసలివాళ్ళు అరవై డెబ్బై మంది ఎక్కుతున్నారు. మేం వాళ్ళను అడగలేదు. దయచేసి వీళ్ళెవరో చెప్పగలరు.'"

జరిగిందేమిటంటే, మొదటి మెట్టును పరీక్షించడానికి నూకయ్య గారు ఎప్పట్లాగే అప్పలకొండమ్మ గారిని దాని మీద నిలబెట్టారు. ఆవిడుంటే కంప్యూటరు నత్తనడక నడుస్తోందని భానుప్రియ ఆవిడ్ని కనబడకుండా దాచింది. దాచిందే కానీ తీసెయ్యలేదు. మెట్టు వెళ్ళిన ప్రతిచోటికీ ఆవిడా వెళ్ళింది, మెట్టుకొకరు చొప్పున. మా కంప్యూటర్లో దాక్కున్న వాళ్ళంతా వెర్నర్ కంప్యూటర్లో ఫైలు తెరవగానే బయటపడ్డారు. అందరూ కర్ర పట్టుకుని, ముందుకు వంగి, ముక్కుపుడకలతో!

నవ్వు ఆపుకోలేక నేను బల్ల కింద పెన్ను వెతుక్కున్నాను. మధుసూదన్ గారు మాత్రం నవ్వలేదు.

"ఇది జోకా? ఈ క్లయింట్ కోసం ఏడాది తిరిగాను. మన పరువేం కావాలి? ఎవరు చేశారిది?"

భానుప్రియ లేవబోయింది. అప్పటికే నూకయ్య గారు లేచి నిలబడ్డారు.

"అప్పలకొండమ్మ గారు చెప్పకుండా వెళ్ళిపోయారండి."

"నూకయ్య గారూ!"

"ఆవిడ మా మనిషండి. ఎక్కడికెళ్ళినా బాధ్యత నాదే. మెట్టు మీద నిలబెట్టింది నేను. దింపడం మర్చిపోయిందీ నేనే."

"అంటే భానుప్రియ చూసుకోలేదన్న మాటేగా?"

"ఆ పిల్ల మెట్లు చేసిందండి. మెట్లు బాగున్నాయని వాళ్ళే రాశారు కదా. బాగోనిది ఆవిడ. ఆవిడ నా ఖాతా."

మధుసూదన్ గారు ఇక చాలన్నట్టు చెయ్యెత్తారు. "సరే. మీరు మీ ఆవిడ... ఐ మీన్, ఆ ముసలావిడని తీసుకుని రేపట్నించి ఇంట్లో ఉండండి. ఈ క్లయింట్ సంగతి తేలాక చూద్దాం."

నూకయ్య గారు తల ఊపి, టిఫిన్ బాక్సు సంచిలో పెట్టుకున్నారు. భానుప్రియ ఏడుస్తూ అడ్డం పడితే "ఊరుకో తల్లీ, నాకూ కాస్త విశ్రాంతి. ఆవిడకీ మోకాళ్ళు లాగేస్తుంటాయి, అన్ని మెట్లెక్కారు కదా" అన్నారు. ఆయన గుమ్మం దాటి మెట్లు దిగుతుండగానే మధుసూదన్ గారి గదిలోంచి కేక వినిపించింది.

"ఆపండి! నూకయ్య గారిని ఆపండి!"

రెండో మెయిల్ వచ్చింది. వెర్నర్ ఈసారి ఇలా రాశాడు: "మీ ముసలివాళ్ళను ఒక్కొక్కరినీ చూస్తూ పైకి వెళ్ళాను. మధ్యలో జనం ఆగడానికి చదునుగా ల్యాండింగ్ ఉంది కదా, సరిగ్గా దాని కిందుగా వెళ్ళే మెట్టు మీదున్న ఆవిడ తల, దాన్ని మోసే దూలంలోకి దిగబడిపోయింది. ఆవిడ చాలా పొట్టి మనిషి. ఆవిడకే తగిలితే మా వాళ్ళందరి తలలూ పగులుతాయి. దూలాన్ని మేమే మరీ కిందికి పెట్టాం. రేపు ఇనుము కోయాల్సింది, ఆపించాను. ఆవిడ పేరేమిటి? మధ్యాహ్నం ఫోన్ చేస్తాను. స్వయంగా కృతజ్ఞతలు చెప్పుకోవాలి."

మేం మొదటి మెట్టు చూశాం, ఆఖరి మెట్టు చూశాం, ల్యాండింగ్ చూశాం. ల్యాండింగ్ కింద ఏముందో నూకయ్య గారితో సహా ఎవరూ చూడలేదు. ప్రతి మెట్టు మీదా మనిషి నిలబడితే తప్ప అది బయటపడేది కాదు. ఒక్క దూలం పైకి జరిపితే సరిపోయే పని, తెలియకుండా కట్టేసి ఉంటే ఎవరి తలకి ఏమయ్యేదో!

మధుసూదన్ గారికి ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చిపడింది. "ఆవిడతో మాట్లాడాలంటున్నాడు. ఆవిడేరీ?"

"లేరండి" అన్నారు వెనక్కొచ్చి నిలబడ్డ నూకయ్య గారు.

"లేరంటే బొమ్మని పెట్టి ఆటలాడామనుకుంటాడు. మెయిల్ చివర కొత్త ప్రాజెక్టు కూడా ఇస్తానన్నాడు. పిలిపించండి!"

పేరు మాత్రం అప్పటికే జవాబు మెయిల్లో వెళ్ళిపోయింది. ఫోన్ మోగింది. మధుసూదన్ గారు స్పీకర్ నొక్కారు. వెర్నర్ "మిసెస్ అప్ప... అప్ప... కొండ..." అని తంటాలు పడుతుండగా, టీ గ్లాసుల ట్రేతో మా ఆఫీసు ఆయా బుచ్చమ్మ లోపలికొచ్చింది. మధుసూదన్ గారి కళ్ళు వెలిగాయి.

"ఎస్ ఎస్, షీ ఈజ్ హియర్! బుచ్చమ్మా, ఇట్రా. మాట్లాడు."

"నేనా? ఏం మాట్లాడాలె సారూ?"

"మెట్ల గురించి ఏదో ఒకటి చెప్పు."

బుచ్చమ్మ ట్రే బల్ల మీద పెట్టి, ఫోన్ దగ్గరికి వంగింది. ఇన్నాళ్ళకు ఒకరు అడిగారన్న సంతోషం ఆమె గొంతులో వినిపించింది.

"మెట్ల గురించి గిప్పుడా అడిగేది? పొద్దుగాల్నుంచి నాలుగుసార్లు ఎక్కిన, నాలుగుసార్లు దిగిన. మోకాళ్ళు మస్తు పరేషాన్ జేస్తున్నయ్. నడిమిట్ల జెర కూసుందామంటే జాగ లేదు. మీకు సుత ముసలితనం వస్తది సారూ, గప్పుడు తెలుస్తది నా తక్లీఫ్!"

నూకయ్య గారు గొంతు సవరించుకుని, ఒక్క అబద్ధం కూడా కలపకుండా ఇంగ్లీషులోకి మార్చారు. "మెట్ల మధ్యలో కూర్చునే చోటు ఉండాలని ఆవిడ అభిప్రాయం. మీకూ వయసు మీద పడుతుందని గుర్తుచేస్తున్నారు."

అవతల వెర్నర్ గట్టిగా నవ్వాడు. "నాకు అరవై ఒకటి. నాకూ మోకాళ్ళ నొప్పులే. ల్యాండింగ్ మీద ఒక బెంచీ వేయిస్తాను. ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి."

జర్మనీలో బెంచీ ఎప్పుడు వేశారో తెలియదు కానీ, మా ఆఫీసు మెట్ల మలుపులో మర్నాడే ఒక ప్లాస్టిక్ కుర్చీ వెలిసింది. మధుసూదన్ గారే తెప్పించారు. బుచ్చమ్మ అందులో కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని పలకరించేది. నూకయ్య గారు ఇంట్లో ఉండే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ నెలలోనే భానుప్రియ ఉద్యోగం పర్మనెంటు అయింది.

ఆ సంతోషంలో భానుప్రియ స్వీట్లు కొని, ఒక ఆదివారం పొద్దున్న నన్ను వెంటబెట్టుకుని నూకయ్య గారింటికి బయల్దేరింది. వాళ్ళ ఇల్లు కూడా సీతాఫల్‌మండిలోనే, ఒక డాబా పైన వాటా. ఆ మెట్లున్నాయే, అప్పలకొండమ్మ గారి సంగతి దేవుడెరుగు, నేనే రెండుచోట్ల ఆగాను. గుమ్మం దగ్గరికి చేరేసరికి లోపల్నుంచి ఒక గొంతు ఖంగుమంది.

"ఇది కాఫీయా, గిన్నెలు కడిగిన నీళ్ళా? ఇరవై ఏళ్ళ నుంచి చెప్తున్నాను, డికాక్షన్ దిగేదాకా ఆగవు! నిన్నటి పులుసూ అంతే. నోట్లో పెడితే ఒట్టు!"

భానుప్రియ నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఇల్లు తప్పొచ్చామా?"

తప్పలేదు. తలుపు తీసింది లోవలక్ష్మి గారు. వెనక లుంగీలో, బనీనులో నూకయ్య గారు. మమ్మల్ని చూడగానే చొక్కా కోసం లోపలికి పరిగెత్తారు.

"ఏటమ్మా అలా నిలబడిపోయారు? రండి, కూర్చోండి. ఇది మాకు రోజూ ఉండేదే" అన్నారు లోవలక్ష్మి గారు నవ్వుతూ.

భానుప్రియ ఉండబట్టలేక అడిగేసింది. "అప్పలకొండమ్మ గారు లేరాండీ?"

"అప్పలకొండమ్మా? ఆవిడెవరు?"

ఆవిడ మా వైపు చూశారు. మేం, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వస్తున్న నూకయ్య గారి వైపు చూశాం. ఆయన కుర్చీ అంచున కూర్చున్నారు. పెద్ద తప్పు చేసి దొరికిపోయిన వాడిలా ఉంది ఆయన ముఖం.

"ఆ పేరుతో ఎవరూ లేరమ్మా" అన్నారు చివరికి. "నాకు నోరు మంచిది కాదు. మీరు విన్నారు కదా, ఇదే నా అసలు నోరు. వైజాగులో అందరి మీదా ఇలాగే పడిపోయేవాడిని. నేనన్నది తప్పని కాదు, అన్న తీరు తప్పు. నన్ను చూస్తే కుర్రాళ్ళు బొమ్మలు దాచేసేవారు. దాచేస్తే తప్పు అందులోనే ఉండిపోతాది కదా. ఓడ కదమ్మా, రేపు మనుషులెక్కుతారు."

"మరి..."

"నోరు మూసుకుందామా అంటే, తప్పులు చెప్పడమే నా ఉద్యోగం. అందుకని మంచి నోరున్న ఒకావిడని పెట్టుకున్నాను. ముసలావిడ మీద ఎవరికి కోపమొస్తాది? మెచ్చుకోడానికి ఆవిడ అక్కర్లేదు. దానికి నా నోరు చాలు."

ఆ ఆఫీసులో నా పనిలో ఆయన పట్టని తప్పు లేదు. అయినా ఒక్కరోజు కూడా నేను చిన్నబుచ్చుకుని ఇంటికి వెళ్ళలేదు. చేసిన పని దాచుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు. ఆయనది సహజంగా మెత్తటి స్వభావమని, అందుకే అలా చెబుతారని అనుకున్నాను. కాదని ఆ పూట తెలిసింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాలుక చివరికొచ్చిన మాటను మింగి, మా కోసం ఇంకో మాట వెతికేవారన్నమాట. ఇప్పుడు నేనూ పదిమంది పని సరిచూసే ఉద్యోగంలో ఉన్నాను. అదెంత కష్టమో రోజూ తెలుస్తోంది, రోజూ ఆయనకి మనసులో దండం పెట్టుకుంటాను. భానుప్రియ అయితే ఆ పూటే లేచి ఆయన కాళ్ళకి నిజంగానే దండం పెట్టేసింది.

"అయ్యో, లే తల్లీ! నువ్వు దాచావు కాబట్టే కదా ఆ దూలం దొరికింది" అని ఆయన కంగారుపడ్డారు.

లోవలక్ష్మి గారు ఇదంతా నడుం మీద చేతులు పెట్టుకుని విన్నారు.

"బాగుందండీ! ఊళ్ళో అందరికీ అప్పలకొండమ్మ, నాకేమో నూకయ్యా?"

ఆయన నేల చూపులు చూశారు. ఆవిడ లోపలికి వెళ్ళి మళ్ళీ కాఫీ కలిపి తెచ్చి, మా ఇద్దరికీ ఇచ్చి, మూడో గ్లాసు ఆయన చేతిలో పెట్టి, ఎదురుగా నిలబడ్డారు. నూకయ్య గారు ఒక గుక్క తాగారు. గడ్డం గోక్కున్నారు. మా వైపు, ఆవిడ వైపు మార్చి మార్చి చూశారు.

"బ్రహ్మాండంగా ఉంది లక్ష్మీ" అన్నారు. కాసేపు ఆగి, గొంతు బాగా తగ్గించి అన్నారు. "అప్పలకొండమ్మ గారికైతే... ఇంకాస్త డికాక్షన్ పడాలేమో."

"వంటింట్లో గిన్నెలో ఉంది. వచ్చి కలుపుకోమనండి ఆవిడ్ని" అన్నారు లోవలక్ష్మి గారు. "వచ్చాక ఎలాగూ ఖాళీయే కదా, ఆ గ్లాసులు కూడా కడిగిపెట్టి వెళ్ళమనండి."

నూకయ్య గారు మారు మాట్లాడకుండా లేచి, మా చేతుల్లోని ఖాళీ గ్లాసులు అందుకుని, వంటింట్లోకి నడిచారు.